తూలే ప్రతి కోడికీ కొక్కెరేనా? పెరటి కోళ్ల జబ్బులపై అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని సిరొంచా తాలూకాలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గరి ఊళ్లలో, నేను కోళ్లకు, మేకలకు వైద్యం చేస్తున్నాను. మా వైపు పెరటి కోళ్లు ఇంటి ఆడవాళ్ల సొంత ఆస్తి. చేతిలో పైసలు లేని రోజున అక్కరకొచ్చేవి అవే. గంపలో కోడిని తెచ్చినవారు ముందుగా మందు అడుగుతారు. నేను మాత్రం ఎన్ని రోజులైంది, ఎన్ని కోళ్లకు ఇలా ఉంది, రెట్ట ఏ రంగులో ఉంది, ఈ మధ్య కొత్త కోడిని తెచ్చారా అని అడుగుతాను. ఈ నాలుగింటికి జవాబు దొరకకుండా ఇచ్చే మందు చీకట్లో విసిరిన రాయి.

అపోహ: ఒళ్లు కాలుతోంది కాబట్టి కోడికి జ్వరం వచ్చింది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడి సుమారు 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కనుక మన చేతికి అది ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. దానికి బదులు రొమ్ము ఎముకను తడమండి. కత్తి అంచులా తగిలితే కోడి చాలా రోజులుగా చిక్కుతోందని అర్థం. తెల్లవారగానే మెడ మొదట్లోని మేత తిత్తిని పట్టి చూడండి. రాత్రి తిన్నది అరిగి అది ఖాళీగా ఉండాలి. రోజులో కొన్నిసార్లు పడే ముదురు గోధుమరంగు జిగట రెట్టను చూసి భయపడనక్కరలేదు, అది సహజమే.

అపోహ: కోడి తూగినా, తూలినా, పారినా అది కొక్కెర తెగులే.

వాస్తవం: మనం కొక్కెర అనేదాన్ని మా మరాఠీ ఇరుగుపొరుగు మాన్‌మోడీ అంటారు, పశువైద్యులు రాణిఖేత్ అంటారు, 1927లో మన దేశంలో ఈ జబ్బును గుర్తించిన కుమావూ కొండల ఊరి పేరే దానికి నిలిచిపోయింది. ఇది సోకిన కోడి మేత మానేసి, రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తుంది, ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల రెట్ట వేస్తుంది, బతికి ఉంటే కొద్ది రోజులకు మెడ మెలితిరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఏమిటంటే, గూట్లోని కోళ్లు రోజుల వ్యవధిలోనే ఒకదాని వెంట ఒకటి పడిపోతాయి.

ఒక్క పెట్ట మాత్రమే మూలన కూర్చుని, మిగతావి చలాకీగా తిరుగుతుంటే నేను వేరే కారణాలు వెతుకుతాను. అది మాటిమాటికీ ముక్కుతూ తోక కిందికి పైకి ఆడిస్తుంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. అటువంటి పెట్టను గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టి, ఆరబెట్టి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదిలితే చాలాసార్లు గుడ్డు దిగుతుంది. పొట్ట మాత్రం నొక్కవద్దు, లోపల గుడ్డు పగిలితే పెట్ట ప్రాణానికే ముప్పు. మెడ వెనక్కి విరిచి ఆకాశం చూసే పిల్లకు బి1 విటమిన్ లోపం ఉండవచ్చు, అది విటమిన్‌తో కోలుకోగలదు. ఎదిగే వయసు కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతే అది మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. దానికి చికిత్స లేదు.

అపోహ: కొక్కెర వచ్చాక మంచి మందు వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: ఇది వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ దాన్ని చంపదు. మనుషుల గొట్టం మాత్రలు విప్పి నీళ్లలో కలిపినా, సారా పోసినా, వాత పెట్టినా కోడికి అదనపు బాధే. టీకా ఒక్కటే కాపాడుతుంది, అదీ ముందుగా వేస్తేనే: పిల్లకు 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, ఆ తర్వాత సుమారు 8 వారాల వయసులో ఆర్‌టుబి అనే కొక్కెర టీకా సూది. టీకా సీసాలో వంద మోతాదులో అంతకన్నా ఎక్కువో ఉంటాయి, ఇంటికి పది కోళ్లు ఉంటాయి. అందుకని ఎండలు ముదరకముందే వాడంతా కూడబలుక్కుని, కోళ్లు ఇంకా గూళ్లు దాటని వేకువన ఒకేసారి వేయించుకోవాలి.

నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు, ఐసు కరిగిపోయిన డబ్బాలో టీకా తీసుకెళ్లి మధ్యాహ్నం వేళ వేశాను. ఆ ఎండాకాలం ఆ వాడలో కోళ్లు పోయాయి, టీకా మీద నమ్మకం కూడా పోయింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనంలో లేని టీకాకు, కలిపి గంటల తరబడి ఉంచిన టీకాకు బలం ఉండదు. వేసేవారు ఎవరైనా సరే, డబ్బా మూత తీయించి ఐసు ఉందో లేదో చూడండి. అది మీ హక్కు.

అపోహ: రెట్టలో రక్తం పడితే నులిపురుగులు ఉన్నట్టే.

వాస్తవం: మూడు వారాలు దాటిన పిల్లల్లో నెత్తురు రెట్టకు ఎక్కువగా కారణం కాక్సీడియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి. నులిపురుగుల మందు దానిపై పనిచేయదు. ఆంప్రోలియం వంటి మందును పశువైద్యుడు చెప్పిన కొలతలో నీళ్లలో ఇవ్వాలి, గూట్లో తడిసిన ఊకను ఎత్తి పొడిది పరచాలి. తడి పోకపోతే జబ్బు మళ్లీ వస్తుంది. వానాకాలంలో నేను మందుకన్నా ముందు గూడు చూడటానికి వెళ్తాను.

అపోహ: తురాయి మీద పొక్కులు వస్తే అది అమ్మోరు, ఇంట్లో పిల్లలకూ అంటుతుంది.

వాస్తవం: కోళ్ల మశూచి మనుషులకు రాదు. దోమలు దాన్ని కోడి నుంచి కోడికి మోస్తాయి. చెక్కులు పీకకండి, కన్ను మూసుకుపోతే గోరువెచ్చని ఉప్పునీళ్లతో తుడిచి, మేత నోటికి అందించండి. నోటిలోపల పుండ్లు లేకపోతే చాలా కోళ్లు మూడు, నాలుగు వారాల్లో తేరుకుంటాయి. ఏటా వచ్చే ఈకల రాలుడును మాత్రం దీనితో గాని, మరే జబ్బుతో గాని కలపకండి. ఆ రోజుల్లో గుడ్లు ఆగడం మామూలే.

అపోహ: చచ్చేలోపు అంగడిలో అమ్మేస్తే నష్టం తప్పుతుంది.

వాస్తవం: పేదింటి లెక్క నాకు తెలుసు, అయినా ఈ మాట గట్టిగా చెప్పాలి. అంగడికి పోయిన జబ్బు కోడి వంతెన దాటి అవతలి గట్టు ఊళ్లకూ రోగాన్ని మోసుకెళ్తుంది. అక్కడి నుంచి వచ్చిన కోడి రేపు మన గూట్లో అదే పని చేస్తుంది. కొత్త కోడిని కనీసం రెండు వారాలు వేరే గంప కింద కమ్మి, మేత, నీళ్లు ఆఖరున పెట్టండి. చచ్చినదాన్ని వాగులో పారేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చండి.

తురాయి నీలంగా మారి, ముఖం వాచి, ఒకే రోజు ఎన్నో కోళ్లు చస్తే వాటిని కోయకండి, వట్టి చేతులతో ముట్టుకోకండి, వెంటనే పశువైద్యశాలకు తెలపండి. మన దేశంలో కోళ్లలో బర్డ్ ఫ్లూ మొదట 2006లో ఈ మహారాష్ట్రలోనే, నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో తేలింది.