టెక్సాస్ కరెంటుకి గీత గీసిందెవరు?

2021 ఫిబ్రవరి 16న డల్లాస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 19 డిగ్రీలు. ఆ రోజే ఆ పక్కనే ఫ్రిస్కోలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసింది, కారులో కూర్చుని. ఇంట్లో కరెంటు పోయి ఒక రోజు దాటిందట. కారు హీటర్ వేసుకుని, పిల్లల్ని వెనక సీట్లో దుప్పట్లలో చుట్టి, ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటున్నారు. కారు కూడా గరాజ్‌లోంచి బయటికి తీశాకే స్టార్ట్ చేశారు, ఎందుకంటే ఆ వారం గరాజ్‌లోనే ఇంజన్ ఆన్ చేసుకుని ఆ పొగకే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నల్లా కూడా గడ్డకట్టిపోతే వాకిట్లో మంచు బకెట్లకెత్తి తెచ్చుకుని, కరిగాక ఆ నీళ్లు బాత్రూమ్‌లో పోసుకుంటున్నారు. మా అమ్మ ఫోన్ లాక్కుని అడిగింది ఒకటే మాట, "అమెరికాలో కరెంటు పోవడమేంటే?"

అమ్మ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే 1935 దాకా వెనక్కి వెళ్లాలి. నిజానికి ఇంకా వెనక్కే.

టెక్సాస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయి దాదాపు పదేళ్లు సొంత దేశంగా ఉంది. 1845లో అమెరికాలో కలిసింది కానీ, దాని అప్పులు నెత్తిన వేసుకోవడానికి వాషింగ్టన్ ఒప్పుకోకపోవడంతో ప్రభుత్వ భూములన్నీ తన దగ్గరే ఉంచేసుకుంది. అత్తారింటికొచ్చినా పెట్టె తాళం తన కొంగుకే కట్టుకున్న కోడలన్నమాట. ఆ బీడు భూముల్లో తర్వాత చమురు పడి, 1923 నుంచి ఆ డబ్బే రాష్ట్ర యూనివర్సిటీకి పారింది. మెక్సికోతో 1,254 మైళ్ల సరిహద్దున్న రాష్ట్రం ఇది, కానీ దాని అసలు పట్టింపంతా వాషింగ్టన్‌తో ఉన్న గీత మీదే.

1935లో ఫెడరల్ పవర్ చట్టం వచ్చింది. రాష్ట్రం దాటి వెళ్లే కరెంటు మీద అజమాయిషీ కేంద్రానిది అన్నారు. టెక్సాస్ కంపెనీలు దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా సులువు: కరెంటు రాష్ట్రం దాటకపోతే సరి! రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941లో, యుద్ధ పరిశ్రమల కోసం ఇవన్నీ తమలో తాము లైన్లు కలుపుకున్నాయి. 1970లో దాని మీద ఎర్‌కాట్ అనే సంస్థ ఏర్పడింది. ఇప్పుడు రాష్ట్రంలో వాడే కరెంటులో దాదాపు తొంభై శాతం దీని చేతి మీదుగానే నడుస్తుంది. అమెరికాలో తూర్పు గ్రిడ్ ఒకటి, పడమటి గ్రిడ్ ఒకటి, మూడోది టెక్సాస్ గ్రిడ్. నవ్వులాటకి అన్న మాట కాదు, నిజంగానే అంతే.

ఈ గీతని ఎంత పట్టుదలగా కాపాడుకున్నారో తెలియాలంటే 1976 మే 4 రాత్రి సంగతి వినాలి. వెస్ట్ టెక్సాస్ యుటిలిటీస్ మాతృసంస్థకి ఓక్లహామాలోనూ కంపెనీ ఉంది. హోల్డింగ్ కంపెనీల చట్టం ప్రకారం తమ కంపెనీలన్నీ ఒకదానికొకటి కలిసి పనిచేస్తున్నాయని చూపించాల్సిన అవసరం వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఓ స్విచ్ వేసి కొన్ని గంటలపాటు ఓక్లహామాకి కరెంటు పంపారు. అంతే, డల్లాస్, హ్యూస్టన్ పెద్ద కంపెనీలు "మమ్మల్నీ కేంద్రం కిందికి లాగుతావా" అని వాళ్లతో లైన్లు తెంపేసుకున్నాయి. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి డీసీ లింకులు (రెండు గ్రిడ్లు వేరువేరుగానే ఉంటూ కరెంటు ఇచ్చిపుచ్చుకునే లింకులు) పెట్టి, వాటివల్ల కేంద్రం పెత్తనం రాదని రాసుకుని రాజీ పడ్డారు. దీన్ని ఇప్పటికీ మిడ్‌నైట్ కనెక్షన్ అంటారు.

డీసీ లింకంటే మనకి కొత్తేమీ కాదు, విశాఖ గాజువాకలో ఉన్నది అదే. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైను కలిసేదాకా మన దక్షిణాది గ్రిడ్ కూడా టెక్సాస్‌లాగే ఒంటరిది. గాజువాకలోను, చంద్రాపూర్ దగ్గర భద్రావతిలోను ఉన్నవాటిలాంటి డీసీ లింకుల మీదుగానే బయటి కరెంటు వచ్చేది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది మొత్తం చీకటైతే మన గ్రిడ్ మాత్రం కూలిపోకుండా నిలబడింది. కానీ అదే ఏడాది మన దగ్గర పరిశ్రమలకి పవర్ హాలిడేలు కూడా నడిచాయి, ఎందుకంటే పక్కవాళ్ల దగ్గర మిగులున్నా తెచ్చుకోవడానికి దారి ఇరుకు. ఒంటరి గ్రిడ్‌తో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. తేడా ఏంటంటే మనం ఒంటరిగా ఉన్నది లైన్లు లేక, వాళ్లు ఉన్నది కావాలని.

ఇక వ్యాపారం. 1999లో జార్జ్ బుష్ గవర్నర్‌గా ఉండగా చట్టం చేసి, 2002 నుంచి కరెంటు అమ్మకాన్ని పోటీకి వదిలేశారు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్లలో సిటీ సంస్థలే ఇస్తాయి కానీ, డల్లాస్ వైపు కొత్తగా దిగిన మనవాళ్లకి అపార్ట్‌మెంట్ తాళంతో పాటు వచ్చే మొదటి టెన్షన్ ఏ కంపెనీ ప్లాన్ తీసుకోవాలన్నదే, యూనిట్‌కి ఎన్ని సెంట్లు, ఆరు నెలలా ఏడాదా అని. రేట్లు చౌకగానే ఉండేవి. అయితే ఈ పద్ధతిలో ప్లాంటుకి డబ్బులొచ్చేది కరెంటు అమ్మినప్పుడే. పదేళ్లకోసారి వచ్చే చలి కోసం పైపులకి, పరికరాలకి ముందే రక్షణ చేసి పెట్టుకుంటే దానికి ఎవరూ పైసా ఇవ్వరు.

చలి చెప్పకుండా రాలేదు. 1989 డిసెంబరులో కోతలు పెట్టారు. 2011 ఫిబ్రవరిలో, సరిగ్గా ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) జరిగే వారంలోనే మళ్లీ పెట్టారు. కేంద్ర సంస్థలు దర్యాప్తు చేసి ప్లాంట్లని చలికి తట్టుకునేలా చేయమని రాసిచ్చాయి. కానీ అది తప్పనిసరి కాలేదు. ఎల్ పాసో మాత్రం విని డబ్బు ఖర్చుపెట్టింది. అది పడమటి గ్రిడ్‌లో ఉన్న ఊరు. 2021లో అక్కడ పెద్దగా కరెంటు పోలేదు.

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రెండు కావస్తుండగా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (ఉత్పత్తిని మించి వాడకం ఉంటే పడిపోయేది ఇదే) 60 నుంచి 59.4 హెర్ట్జ్ కిందికి జారి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉంది. 9 నిమిషాలు దాటితే మిగతా ప్లాంట్లూ ట్రిప్ అయ్యి రాష్ట్రమంతా చీకటయ్యేది, మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేదేమో. అది ఆపడానికి 20,000 మెగావాట్ల లోడు తీసేశారు, 45 లక్షలకు పైగా ఇళ్లు, సంస్థలకి కరెంటు పోయింది. గవర్నర్ టీవీలో గాలిమరల్ని, సోలార్‌ని తిట్టారు కానీ ఎక్కువగా ఆగిపోయింది గ్యాస్ ప్లాంట్లే. వాటికి గ్యాస్ రాలేదు. ఎందుకు రాలేదంటే బావులు గడ్డకట్టాయి, పైగా గ్యాస్‌ని నెట్టే కంప్రెసర్లలో కొన్ని కరెంటు మీద నడిచేవి, వాటి యజమానులు అత్యవసర జాబితాలో పేరు నమోదు చేసుకోకపోవడంతో కోతల్లో వాటి కరెంటు కూడా తీసేశారు! ఈ గ్యాస్ మీద అజమాయిషీ ఎవరిదంటే రైల్‌రోడ్ కమిషన్‌ది. 1891లో రైళ్ల కోసం పెట్టినది, ఇప్పుడు రైళ్లతో దానికి ఏ సంబంధమూ లేదు.

పక్క రాష్ట్రాలతో కలిసి ఉంటే గట్టెక్కేవాళ్లా? పూర్తిగా కాదు. ఉన్న లింకులన్నీ కలిపి దాదాపు 1,200 మెగావాట్లే, పైగా ఉత్తరాన ఉన్న పక్క రాష్ట్రాలు కూడా ఆ వారం కొంత కోత పెట్టుకున్నాయి. కానీ అక్కడ కోతలు గంటల్లో సర్దుకున్నాయి, దూరం నుంచి కరెంటు తెచ్చుకోగలిగారు కాబట్టి. ఇక్కడ రోజులు పట్టింది. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. హోల్‌సేల్ ధర మెగావాట్ అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్లకి, 9,000 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలబడితే, ఆ రేటుని నేరుగా ఇళ్లకి వేసే ప్లాన్లున్నవాళ్లకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ మాత్రం, కేంద్రాన్ని దూరంగా ఉంచడానికి టెక్సాస్ జనం మూడు రోజులకంటే ఎక్కువైనా కరెంటు లేకుండా ఉంటారన్నట్టు మాట్లాడారు. మా చెల్లెలు వాళ్ల వీధిలో ఎవర్నీ అడిగినట్టు లేరు.

అక్కడి శాసనసభ రెండేళ్లకోసారి 140 రోజులే కూర్చుంటుంది. అదృష్టం కొద్దీ అది కూర్చునే ఏడే, జూన్‌కల్లా ప్లాంట్లని చలికి సిద్ధం చేయడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. గ్రిడ్‌ని పక్కవాళ్లతో కలిపే ఆలోచన మాత్రం అందులో లేదు. తర్వాత బ్యాటరీలు, సోలార్ బాగా పెరిగాయి, 2023 ఆగస్టు 10న వాడకం 85,508 మెగావాట్లకి చేరినా నిలబడింది. ఇప్పుడు అబిలీన్ లాంటి చోట్ల ఏఐ డేటా సెంటర్లు లేస్తున్నాయి. 2025లో చేసిన ఇంకో చట్టం ప్రకారం 75 మెగావాట్లు, ఆపైన కొత్త కనెక్షన్ తీసుకునే పెద్ద వాడకందార్లకి గ్రిడ్ కష్టంలో పడినప్పుడు కరెంటు తీసేయొచ్చు.