మౌస్ అంటే భయం, ఫోన్లో గొంతంటే నమ్మకం: పెద్దవాళ్ల కంప్యూటర్ పాఠాల్లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో తార్నాక, మల్కాజ్‌గిరి, సైనిక్‌పురి వైపు రిటైరైనవాళ్లకు కంప్యూటరు, స్మార్ట్‌ఫోను నేర్పించడం నా పని. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో బ్యాంకు మేనేజర్లుగా చేసినవాళ్లున్నారు, లెక్కల టీచర్లున్నారు, ఈసీఐఎల్‌లో సర్వీసంతా ఎలక్ట్రానిక్స్ మధ్యే గడిపినవాళ్లున్నారు. ఎవరిని చూసినా ఒకటే కనిపిస్తుంది. మౌస్ పట్టుకోమంటే వెనకాడతారు. అదే మనిషి, "సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్లో ఎవరో అనగానే అడిగినవన్నీ చెప్పేస్తారు. భయం అక్కర్లేని చోట బోలెడంత ఉంది, ఉండాల్సిన చోట లేదు. నా పాఠాల్లో సగం దీన్ని సరిచేయడానికే సరిపోతుంది.

అపోహ: "ఏదో ఒకటి నొక్కితే కంప్యూటరు పాడైపోతుంది"

మీటలు నొక్కినంత మాత్రాన కంప్యూటరు చెడిపోదు. పొరపాటున డిలీట్ అయిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. అక్కడ దాని మీద రైట్ క్లిక్ చేసి రిస్టోర్ అంటే ఉన్నచోటికే తిరిగొస్తుంది. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసినవి మాత్రం బిన్‌లోకి రావు, అక్కడ కాస్త జాగ్రత్త.

కొత్తగా వచ్చినవాళ్లతో నేను మొదట చేయించేది ఇదే. వర్డ్‌లో తమ పేరు, ఇంటి అడ్రసు టైపు చేయమంటాను. తర్వాత కంట్రోల్, ఏ నొక్కి మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టమంటాను. చాలామంది ఆ మీట దగ్గర ఆగి నా వైపు చూస్తారు. కొట్టేస్తారు, తెర ఖాళీ అయిపోతుంది. అప్పుడు కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కమంటాను. పోయిందంతా తిరిగొస్తుంది. దీన్ని ఓ పదిసార్లు వాళ్ల చేత్తోనే చేయించాక గానీ ఇంకో విషయం ఎత్తను. చేసింది వెనక్కి తీసుకోవచ్చని వేళ్లకు తెలిసిన రోజున బిగుసుకున్న భుజాలు కిందికి దిగుతాయి, ప్రశ్నలు మొదలవుతాయి.

డబుల్ క్లిక్ దగ్గర మరో ఇబ్బంది ఉంది. "నాకు రాదమ్మా, నా చేయి వణుకుతుంది" అంటారు. జరిగేదేమిటంటే, రెండు నొక్కుల మధ్య మౌస్ రవ్వంత జరుగుతుంది. అప్పుడు ఫైలు తెరుచుకోకుండా పక్కకు జరుగుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ స్పీడు తగ్గించుకోవడం. రెండోది ఇంకా సులువు: ఫైలు మీద ఒక్కసారే క్లిక్ చేసి, కీబోర్డు మీద ఎంటర్ కొట్టడం. డబుల్ క్లిక్ జోలికే వెళ్లకుండా హాయిగా పని చేసుకుంటున్నవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కండి. బ్రౌజర్లో పేజీ అంతా పెద్దదవుతుంది.

అపోహ: "గట్టిగా నొక్కితేనే ఫోను పలుకుతుంది"

కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కుతారు. ఫోను తెరకు బలంతో పనిలేదు. చర్మం తగిలిందా, ఎంతసేపు తగిలి ఉందా, ఈ రెండే దానికి తెలుస్తాయి. గట్టిగా నొక్కేవాళ్లు ఎక్కువసేపు నొక్కుతారు కాబట్టి దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఫోను వేరే మెనూ ఏదో తెరుస్తుంది. యాప్ గుర్తులు చోటు మారడం, "నా వాట్సాప్ మాయమైంది" అనడం చాలావరకు ఇందువల్లే. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీలో "టచ్ అండ్ హోల్డ్ డిలే" అని ఉంటుంది, దాన్ని లాంగ్ అని పెట్టండి. వేళ్లు బాగా పొడిబారినా తెర సరిగా అందుకోదు. గోటితో కాకుండా వేలి మెత్తటి భాగంతో, తాకీ తాకనట్టు తాకి తీసేయాలి.

అపోహ: "ఓటీపీ ఎవరికీ చెప్పను, కాబట్టి నాకేం కాదు"

ఓటీపీ చెప్పకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. మంచిదే. కానీ మోసగాళ్లకు కూడా ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్లు ఓటీపీ అడగకుండానే తీసుకునే దారులు వెతుక్కున్నారు.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వస్తుంది. లేదా "మీ బండికి ట్రాఫిక్ చలాన్ పడింది" అని మెసేజ్ వస్తుంది. కింద ఒక ఫైలు ఉంటుంది, దాని పేరు చివర ఏపీకే అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. అవి ఉన్నాయంటే అది శుభలేఖ కాదు, యాప్. తెరవగానే ఫోను హెచ్చరిస్తుంది, తెలియని చోటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తున్నారని చెబుతుంది. మనం కంగారులో అలో నొక్కేస్తాం. ఆ తర్వాత అది ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. అదీ ఇచ్చేస్తే, మీ ఫోన్‌కి వచ్చే ఓటీపీ మీకంటే ముందు వాళ్లకు చేరుతుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నమ్మొద్దు. వాళ్ల ఫోను ఈసరికే దొంగల చేతిలో ఉండి ఉండొచ్చు. శుభలేఖ అంటే ఫోటో గానీ పీడీఎఫ్ గానీ వీడియో గానీ అయి ఉంటుంది. దాన్ని చూడటానికి ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. చలాన్ సంగతి తేల్చుకోవాలంటే తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు.

ఇంకో దారి ఉంది. కొరియర్ వాళ్లమంటూ ఫోన్ చేసి, స్టార్ 401 స్టార్ కొట్టి పక్కన ఫలానా నంబరు డయల్ చేయమంటారు. అలా చేస్తే మీ కాల్స్ అన్నీ ఆ నంబరుకు మళ్లిపోతాయి, కాల్‌లో వచ్చే ఓటీపీలతో సహా. ఒకవేళ చేసేసి ఉంటే ##002# డయల్ చేయండి, అన్ని ఫార్వర్డింగులూ రద్దవుతాయి. స్క్రీన్ షేర్, అంటే మీ ఫోను తెర వాళ్లకు కనిపించేలా చేయమని అడిగినా అంతే. మీరు నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు, వాళ్లే చదువుకుంటారు.

అపోహ: "డబ్బు రావాలంటే పిన్ కొట్టాలి"

అక్కర్లేదు. యూపీఐ పిన్ కావాల్సింది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు తీసుకోవడానికి పిన్నూ వద్దు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమూ వద్దు. పాత సోఫా అమ్మకానికి పెడితే, "ఆంటీ, ఈ కోడ్ స్కాన్ చేయండి, మీ ఖాతాలో డబ్బు పడుతుంది" అని ఒకడు తీయగా మాట్లాడతాడు. అక్కడే ఫోన్ పెట్టేయండి.

అపోహ: "గూగుల్‌లో పైన వచ్చింది అసలైన నంబరే"

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి మోసపోయినవాళ్లు తక్కువేం కాదు. పైన కనిపించేది ఎవరో డబ్బులు కట్టి పెట్టించుకున్న ప్రకటన కావచ్చు. బ్యాంకు నంబరు ఏటీఎం కార్డు వెనకే ఉంటుంది, అదే కొట్టండి. అలాగే, బ్యాంకులన్నీ తమ నెట్‌బ్యాంకింగ్ చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. బ్యాంకు సైటు తెరిచినప్పుడు చిరునామాలో ఆ ముగింపు ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే అసలైన సైటేనని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. తాళం గుర్తుకు అర్థం, మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడు వినలేడని. ఆ సైటు నడిపేవాడు మంచివాడని కాదు.

అపోహ: "వీడియో కాల్‌లో యూనిఫాం కనిపించింది, పోలీసులే అయి ఉంటారు"

ఈ ఒక్కటి మాత్రం దయచేసి పూర్తిగా చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు. ఏ పోలీసూ, సీబీఐ గానీ, ఈడీ గానీ, కోర్టు గానీ మిమ్మల్ని వీడియో కాల్‌లో అరెస్టు చేయరు. 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఈ మాట దేశమంతటికీ చెప్పారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, విచారణకు రమ్మనే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపకూడదని ఆదేశించింది.

వీళ్లు పని చేసే తీరు గమనించండి. మీ ఆధార్‌తో పార్సిల్లో డ్రగ్స్ దొరికాయనో, మీ ఖాతాలో నల్లడబ్బు తిరిగిందనో మొదలుపెడతారు. వెనక పోలీస్ స్టేషన్ లాంటి సెట్టు, కేసు నంబర్లు, ముద్రలున్న కాగితాలు చూపిస్తారు. ఆ తర్వాత అసలు షరతు పెడతారు: ఎవరికీ చెప్పొద్దు, కాల్ కట్ చేయొద్దు. గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి కెమెరా ముందే కూర్చోబెడతారు. చివరికి "వెరిఫికేషన్ కోసం" మీ ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసి ఫలానా ఖాతాలో వేయమంటారు.

డాక్టర్లు, ప్రొఫెసర్లు కూడా వీళ్ల చేతిలో పడుతున్నారు. తెలివి తక్కువై కాదు. జీవితమంతా మచ్చ లేకుండా బతికిన మనిషికి పోలీసు కేసు అన్న మాటే పిడుగుపాటు. ఆ టెన్షన్‌లో బుర్ర పనిచేయదు. అందుకే నేను ఒకే ఒక్క గుర్తు నేర్పిస్తాను: "ఎవరికీ చెప్పొద్దు" అని వినపడిందా, ఆ క్షణమే కాల్ కట్ చేసి పక్కింటివాళ్లకైనా చెప్పండి. నిజం పోలీసులు కుటుంబానికి చెప్పొద్దనరు. అనుమానం ఉంటే మీ ఏరియా పోలీస్ స్టేషన్‌కి మీరే నడిచి వెళ్లి అడగండి.

అపోహ: "పాస్‌వర్డులు కాగితం మీద రాయకూడదు"

ఆఫీసుల్లో ఆ నియమం సరైనదే. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు నేను పుస్తకంలో రాసుకోమనే చెబుతాను. గుర్తుండదని అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్, అదీ మనవడి పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టుకోవడం కంటే, ఒక్కోదానికి ఒక్కోటి పెట్టి బీరువాలో పుస్తకంలో దాచుకోవడం ఎంతో నయం. ఆన్‌లైన్ దొంగ మీ బీరువా దాకా రాలేడు. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టుకోవడం, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం మాత్రం వద్దు. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ ఆ పుస్తకంలో కూడా రాయొద్దు.

ఇంకొన్ని, క్లుప్తంగా

"స్టోరేజ్ ఫుల్ అంటోంది, కొత్త ఫోను కొనాలి." ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి, అక్కడ మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్లండి. గుడ్ మార్నింగ్ ఫోటోలు, వీడియోలు ఎంత చోటు తింటున్నాయో కనిపిస్తుంది.

"కంప్యూటర్లో వైరస్ ఉందని ఫోన్ నంబరు చూపిస్తోంది." అది దొంగ ప్రకటన. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆల్ట్, ఎఫ్4 నొక్కి మూసేయండి. కుదరకపోతే పవర్ బటన్ కాసేపు పట్టుకుని ఆపేయండి.

"విండోస్ 10 ఆగిపోయింది, ఈ కంప్యూటరు ఇక పనికిరాదు." 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి, కంప్యూటరు ఆగలేదు. నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇక నెమ్మదిగా నడుస్తోందనే ఫిర్యాదైతే, సికింద్రాబాద్‌లో కంప్యూటరు షాపులుండే సీటీసీలో, ఫైళ్లు దాచే పాత హార్డ్ డిస్క్ తీయించి దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించండి, చాలా తేడా కనిపిస్తుంది.

అపోహ: "వేలిముద్ర పడకపోతే పెన్షన్ ఆగిపోతుంది"

వయసు పైబడేకొద్దీ వేలిముద్రలు అరిగిపోతాయి, మెషిన్ గుర్తుపట్టదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే బతికే ఉన్నామని పెన్షన్‌కు ఇచ్చే రుజువు కోసం, బ్యాంకులో నిలబడి, ముద్ర పడక తిరిగొచ్చినవాళ్ల బాధ నేను చూశాను. 2021 నవంబరు నుంచి, ఈ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటైన జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి కూడా సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ఫోన్లో ప్లే స్టోర్ నుంచి జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే రెండు యాప్‌లు వేసుకోవాలి. కిటికీకి ఎదురుగా కూర్చోండి, వెలుతురు వీపు మీద కాకుండా ముఖం మీద పడాలి. కళ్లు ఆర్పమని అడుగుతుంది, ఆర్పండి. కళ్లద్దాలు మెరుస్తుంటే తీసేయండి. మీకు పెన్షన్ ఇచ్చే సంస్థ జీవన్ ప్రమాణ్‌లో ఉందో లేదో ముందు చూసుకోవాలి. 80 ఏళ్లు దాటిన కేంద్ర పెన్షనర్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. "లైఫ్ సర్టిఫికెట్ మేం అప్‌డేట్ చేస్తాం, వివరాలు చెప్పండి" అని వచ్చే ఫోన్లన్నీ మోసాలే.

అపోహ: "అమెరికాలో ఉన్న అబ్బాయే అన్నీ చూసుకుంటాడు"

ఇది పిల్లలకు రాస్తున్నాను. కరెంటు బిల్లు మీరే కట్టేస్తారు, గ్యాస్ మీరే బుక్ చేస్తారు. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ తన చేత్తో ఒక్క రూపాయి కూడా పంపని మనిషికి ఏది మామూలు, ఏది తేడా అన్నది తెలిసే దారి లేదు. కరెంటు బిల్లు అమ్మ చేతే కట్టించండి. పదినిమిషాలు పట్టినా ఫోను లాక్కోకండి. ఏం నొక్కాలో నోటితో చెప్పండి, వేలు మాత్రం వాళ్లదే ఉండాలి.

అపోహ: "పోయిన డబ్బు ఎలాగూ రాదు, చెప్పుకుంటే పరువు పోతుంది"

వచ్చే అవకాశం ఉంది, కాకపోతే అది గంటల్లో కరిగిపోతుంది. దొంగలు డబ్బును వెంటవెంటనే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చేస్తారు. బయటికి తీసేలోపు ఆపగలిగితే నిలుస్తుంది. అందుకే తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పిల్లలకు ఎలా చెప్పాలా అని రాత్రంతా ఆలోచించి పొద్దున చేయొద్దు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ బ్లాక్ చేయించండి. ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ టైముకి పోయింది, లావాదేవీ నంబరు, వాళ్లు మాట్లాడిన ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి. 1930 నంబరును ఇప్పుడే పెద్ద అక్షరాలతో రాసి, ల్యాండ్‌లైన్ ఉంటే దాని పక్కన, లేకపోతే ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.