సెలవుల తర్వాత మొదటి ఇంగ్లిష్ పీరియడ్

సెలవులు ముగిసి హైస్కూలు తెరవగానే ఇంగ్లిష్ టీచర్ల నోట వచ్చే మొదటి మాట, ‘అంతా మరిచిపోయి వచ్చారు’. నిజానికి చాలావరకు పోయేది నేర్చుకున్నది కాదు, అడగ్గానే గుర్తుతెచ్చుకునే చురుకు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, రెండోసారి నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అవుతుందో కొలిచాడు. 1885లో ఆయన ప్రచురించిన లెక్కల్లో ఒక రోజు గడిచేసరికే ఆదా మూడో వంతుకు పడిపోయింది. కానీ ఆరు రోజులకు 25 శాతం ఉన్నది నెలకు 21 దగ్గరే ఆగింది. మరుపు దెబ్బంతా మొదట్లోనే. పైగా అర్థమున్న కథ ఆ అక్షరాలకన్నా గట్టిగానే నిలుస్తుంది.

కాబట్టి సగంలో ఆపిన నవలను మళ్లీ మొదటినుంచి చెప్పుకురావడం దండగ. పుస్తకాలు మూయించి, గుర్తున్నదంతా అయిదు నిమిషాలు రాయించాలి: కథలో ఎవరెవరున్నారు, ఎక్కడ ఆపాం, అప్పటికి తేలని గొడవేమిటి. స్పెల్లింగ్ పట్టించుకోవద్దు, మాట తట్టకపోతే గీత గీసి ముందుకెళ్లమనాలి. తర్వాత మూడు నిమిషాలు పక్కవాళ్ల కాగితం చూసి, తమకు తట్టనివి వేరే రంగు సిరాతో చేర్చుకోవాలి. పుస్తకం తెరవడం ఆ తర్వాతే.

ఈ వరస తారుమారైతే ఫలితం ఉండదు. ముందే పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ చూసినట్టే ఉంటుంది, చూసినట్టున్నదాన్ని వచ్చనుకుంటాం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, వ్యాసాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి! అందుకే పునఃపఠనం అంతగా నమ్మిస్తుంది. అయితే కాగితం పూర్తిగా ఖాళీగా ఉండిపోయిన పిల్లలకు ఈ పద్ధతి పనిచేయదు. వాళ్లకు నాలుగు పాత్రల పేర్లు బోర్డు మీద రాసివ్వాలి.

చదువుకు కొత్త అధ్యాయం మొత్తం ఇవ్వొద్దు. సెలవులకు ముందు చదివిన చివరి రెండు పేజీలు, ఆపైన పది నిమిషాల మౌనపఠనం చాలు. నిమిషానికి 120 మాటలు చదివేవాళ్లకు అది 1200 మాటలు, అంటే సుమారు నాలుగు పేజీలు.

రాతకొస్తే, ‘సెలవులు ఎలా గడిపాను’ అనే వ్యాసం అంత నీరసమైన పని ఇంకోటి లేదు. పది రోజుల్ని ఒక పేజీలో కుక్కాల్సి వచ్చేసరికి ‘వియ్ వెంట్ టు ది బీచ్. దెన్ వియ్ ఏట్. దెన్ వియ్ కేమ్ హోమ్’ అంటూ దెన్‌ల దండ తయారవుతుంది. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. ఒకే ఒక్క పది నిమిషాలు ఎంచుకోమనండి: బస్సు రాక ముందు స్టాపులో నిలబడిన సమయం లాంటిది. 80 నుంచి 100 మాటలు, ఒకే పేరా, ‘దెన్’ ఒక్కసారికి మించొద్దు. అప్పుడు ఏం కనిపించింది, ఎవరేమన్నారు అన్నది రాయక తప్పదు.

దిద్దేటప్పుడు మొదటి వారం ఒక్క రకం తప్పే దిద్దడం మేలు, అదీ క్రియల కాలం. భూతకాలంలో మొదలైన పేరా మూడో వాక్యానికి వర్తమానంలోకి జారడం సెలవుల తర్వాత మామూలే. ఆ క్రియల కింద గీత మాత్రం గీసి, సరిచేసే పని పిల్లలకే వదలాలి. వారం తర్వాత మొదటిరోజు ప్రశ్నలనే, పుస్తకం మూయించి, ఇంకోసారి అడగాలి.