నల్లమందు మనదే, నొప్పి మందుకే కరువు

కోడికూర మసాలాలో నూరే గసగసాలూ, క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫినూ ఒకే మొక్కవి. గింజలో మత్తు దాదాపు ఉండదు, కాబట్టి కూరకి ఢోకా లేదు. మందంతా పచ్చికాయ పాలలోనే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ వైపు రైతులు మధ్యాహ్నం ఎండలో కాయలకి గాట్లు పెట్టి, మర్నాడు పొద్దున్నే ఆ గడ్డకట్టిన పాలు గీకి తీస్తారు. ఆరాక నల్లబడుతుంది, అదే నల్లమందు. అంతా తూకం వేసి సర్కారుకే అమ్మాలి. నల్లమందు చేరే సర్కారీ ఫ్యాక్టరీల్లో ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్‌ది 1820 నాటిది. ఈస్టిండియా కంపెనీ చైనాకి నల్లమందు అమ్ముకుని సొమ్ము చేసుకున్న రోజులవి.

ఇప్పటికీ చట్టబద్ధంగా నల్లమందు పండించి బయటి దేశాల మందుల కంపెనీలకి అమ్ముతున్నాం. ఇక్కడి రోగికి మాత్రం దాన్నుంచి తీసే మార్ఫిన్ మాత్ర చాలాకాలం అందలేదు.

ఇదంతా 1985 నవంబరులో మొదలైంది. దేశం మీదుగా హెరాయిన్ రవాణా పెరుగుతోందన్న టెన్షన్‌లో ప్రభుత్వం మత్తుమందుల్ని కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చింది. అప్పట్లో చాలా నేరాలకి, రుజువైతే కనీసం పదేళ్ల జైలు. దొంగ రవాణా చేసేవాళ్లు ఎంత భయపడ్డారో గానీ మందుల షాపులు, ఆస్పత్రులు మాత్రం హడలిపోయాయి. ఆస్పత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేవి, అవన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. ఎక్సైజ్ వాళ్లది చేతికొచ్చేసరికి ఇంకో శాఖది గడువు దాటిపోయేది. లెక్కలో తేడా వస్తే జైలు అన్నప్పుడు ఏ ఫార్మసిస్టు ముందుకొస్తాడు? 1997 నాటికి దేశం మొత్తం మీద ఏడాది మార్ఫిన్ వాడకం 18 కిలోలకి పడిపోయింది. పన్నెండేళ్లలో 97 శాతం తగ్గుదల! దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగిందని నాకనిపిస్తుంది. మార్ఫిన్ మాత్ర ఒక్కసారి కూడా రాయకుండానే ఒక తరం డాక్టర్లు చదువు ముగించుకుని బయటికొచ్చారు.

పట్టు వదలనివాళ్లు కేరళలో కనిపించారు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, మరికొందరు కలిసి నొప్పి నివారణ క్లినిక్ మొదలుపెట్టారు. రోగికి మార్ఫిన్ మాత్రలిచ్చి ఇంటికి పంపినా అవి దారి తప్పవని చూపించారు. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో 2006 ప్రాంతంలో ఇలాంటి విభాగం వచ్చింది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ లాంటి ఆరు మందులకి రాష్ట్రానికో నిబంధన కాకుండా దేశమంతా ఒకే పద్ధతి పెట్టారు. గుర్తింపు పొందిన ఆస్పత్రికి డ్రగ్స్ కంట్రోల్ అనుమతి ఒక్కటే చాలు.

అమెరికా కథ దీనికి తలకిందులు. 1996లో వచ్చిన ఆక్సికాంటిన్ అనే నల్లమందు జాతి నొప్పి మాత్రని అలవాటయ్యే భయం తక్కువన్నట్టుగా అమ్మారు. అది తప్పుదారి పట్టించే ప్రచారమేనని 2007లో తయారీదారు పర్డ్యూ సంస్థ కోర్టులో ఒప్పుకుంది. ఆ లోపు పన్ను తీసినా, నడుం పట్టినా సీసా నిండా మాత్రలు రాసేశారు. మిగిలినవి బాత్రూమ్ అలమరలో ఉండిపోయాయి. అక్కడున్న మన పిల్లల ఇళ్లలోనూ ఆ సీసాలు ఉండొచ్చు, ఒకసారి తెరిచి చూసుకోమనండి.

మన దేశంలో ట్రమడాల్ అనే నొప్పి మందు చాలాకాలం ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి రాలేదు. దుర్వినియోగం పెరిగాక 2018లో చేర్చారు. చాలా బిళ్లల్లో ట్రమడాల్‌తో పాటు పారాసెటమాల్ కలిసే ఉంటుంది. అది తెలియక పైన డోలో (అదీ పారాసెటమాలే) కూడా వేసుకుంటే లివర్ మీద భారం పడుతుంది.

క్యాన్సర్ వార్డులో మార్ఫిన్‌కి మొదటి చీటీ రాయగానే ఇంటివాళ్లు అడిగేది ఒకటే. "అంటే ఇక ఆఖరికి వచ్చినట్టేనా సార్?" కాదు. నొప్పిని బట్టి ఇస్తారు, రోజులు లెక్కపెట్టి కాదు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి తిరగబెట్టకముందే వేసుకోవాలి. నెమ్మదిగా కరిగే రకాన్ని నూరకూడదు, విరవకూడదు. నూరితే గంటల తరబడి పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే తోడుగా ఇస్తారు. ఈ మాత్రలు వాడుతున్నప్పుడు మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు ముట్టకూడదు. మనిషి పిలిచినా పలక్కుండా, శ్వాస బాగా నెమ్మదిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన లెక్కన తగ్గించుకుంటూ రావాలి. పక్కింటివాళ్ల నొప్పికి ఒకటిచ్చి చూద్దాం అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

కౌంటర్ దగ్గర మాత్రలకి రిజిస్టరు ఉంటుంది. రోగి పేరు, ఎన్ని ఇచ్చారు, ఎన్ని మిగిలాయి. మనిషి పోయిన వారానికో పదిహేను రోజులకో కొడుకో కోడలో వచ్చి, పసుపు సంచిలోంచి సగం వాడిన స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెడతారు. ఫార్మసిస్టు బిళ్లలు లెక్కపెట్టి ఆ పేరు ఎదురుగా రాసుకుంటుంది.