స్విచ్‌లో కనబడే టేబుల్, పని చేసే టేబుల్

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్న బాగుంది. ల్యాబ్‌లో ఒకే స్విచ్‌కి, అంటే కంప్యూటర్లను కలిపే డబ్బాకి, అన్ని వైర్లు గుచ్చి ఉన్నాయి కదా, ప్రింటర్‌కి పంపింది ప్రింటర్‌కే ఎలా చేరుతుంది అన్నారు. ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

స్విచ్ లోపల ఒక పట్టిక ఉంటుంది. ఒక గడిలో మాక్ అడ్రస్, పక్క గడిలో పోర్టు (వైరు గుచ్చే చోటు) నంబరు. మాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ కార్డు తయారైనప్పుడే దానికి ఇచ్చే 48 బిట్ల (0, 1 అంకెల) నంబరు. మామూలుగా అందులో మొదటి 24 బిట్లు తయారుచేసిన కంపెనీవి, మిగతావి ఆ కార్డువి. ఈ పట్టికను ఎవరూ కూర్చుని నింపరు. స్విచ్ ఆన్ చేసిన క్షణంలో అది ఖాళీగానే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ మొదటి ఫ్రేమ్ (వైరు మీద పోయే డేటా మూట) పంపగానే, పంపింది ఎవరో చూసి "ఈ అడ్రస్ 7వ పోర్టులో ఉంది" అని రాసుకుంటుంది. పంపినవాళ్ల అడ్రస్ చూసి నేర్చుకుంటుంది, అందుకోవాల్సినవాళ్ల అడ్రస్ చూసి పంపుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

మరి ప్రింటర్ ఇంకా నోరు విప్పలేదనుకోండి? అది ఏ పోర్టులో ఉందో స్విచ్‌కి తెలియదు. అప్పుడు ఫ్రేమ్ వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింటిలోకీ పంపేస్తుంది. దీన్ని ఫ్లడింగ్ అంటారు. ప్రింటర్ జవాబివ్వగానే దాని పోర్టు కూడా పట్టికలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ఫ్రేములు నేరుగా అక్కడికే పోతాయి. కాసేపు ఒక అడ్రస్ నుంచి ఏ కబురూ రాకపోతే స్విచ్ ఆ వరుసను చెరిపేస్తుంది. చాలా స్విచ్‌లలో ఈ గడువు 300 సెకన్లు.

ఫ్లడింగ్‌తో ఒక ప్రమాదం ఉంది. రెండు స్విచ్‌ల మధ్య ఎవరైనా రెండో వైరు కూడా గుచ్చితే, ఆ ఫ్రేములు వాటి మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ ఆపరు. నిమిషాల్లో మొత్తం నెట్‌వర్క్ కూలబడుతుంది. దీనికి విరుగుడుగా 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టారు. అదనపు దారిని స్విచ్‌లే తమలో తాము మాట్లాడుకుని మూసేస్తాయి, అసలు దారి తెగితే దాన్ని తెరుస్తాయి. ఆవిడ గురించి విడిగా చదవండి, చాలా సరదా మనిషి.

ఇప్పటిదాకా చెప్పింది ఒకే నెట్‌వర్క్ లోపలి సంగతి. అవతలి నెట్‌వర్క్‌కి పోవాలంటే మాక్ అడ్రస్ చాలదు. కోట్ల కార్డులున్నాయి, వాటి నంబర్లకు ఊరూ పేరూ లేదు. అందుకే ఐపీ అడ్రస్. పోస్టాఫీసు వాళ్లు 1972లో తెచ్చిన పిన్ కోడ్ ఎలా పని చేస్తుందో తెలుసు కదా. 530001 అని రాసిన ఉత్తరం ఢిల్లీలో పడితే, అక్కడివాళ్లకు విశాఖలోని వీధి తెలియక్కర్లేదు, మొదటి అంకెలు చూసి ఇటువైపు పంపేస్తే చాలు. దగ్గరికొచ్చే కొద్దీ మిగతా అంకెల పని పడుతుంది. నెట్‌వర్క్‌లను కలిపే పరికరం రౌటర్, అందులో ఉండే పట్టిక రౌటింగ్ టేబుల్. అది కూడా ఇలాగే అడ్రస్ ముందు భాగాన్ని బట్టి దారి చెబుతుంది.

ఒక టేబుల్‌లో 10.0.0.0/8 ఒక పోర్టుకి, 10.20.0.0/16 ఇంకో పోర్టుకి, 10.20.30.0/24 మూడోదానికి అని ఉందనుకోండి. గీత తర్వాతి అంకె, ముందు నుంచి ఎన్ని బిట్లు కలవాలో చెబుతుంది. 10.20.30.7కి వెళ్లే ప్యాకెట్, అంటే ఫ్రేమ్ లోపల ఐపీ అడ్రస్‌తో ఉండే మూట, మూడు వరుసలకూ సరిపోతుంది. ఏది గెలుస్తుంది? ఎక్కువ బిట్లు కలిసిందే, అంటే /24. ఏదీ కలవకపోతే 0.0.0.0/0 అనే డిఫాల్ట్ రూట్ ఉంటుంది, అది అందరికీ సరిపోతుంది, అందుకే అన్నిటికంటే చివరన. ఈ టేబుల్ పూర్తి దారి చెప్పదు, తర్వాతి మజిలీ ఒక్కటే చెబుతుంది. ప్రతి మజిలీలో మాక్ అడ్రస్‌లు మారిపోతాయి, చేరాల్సిన ఐపీ అడ్రస్ మాత్రం అలాగే ఉంటుంది. ఇళ్లలో పెట్టే వైఫై డబ్బా బయటికెళ్లే ప్యాకెట్‌లో మీ ఐపీ అడ్రస్ కూడా మార్చేస్తుంది, ఆ గొడవ ఇంకోసారి.

ఎక్కువ బిట్లు కలిసిన పొడుగు వరుసే గెలవాలన్న నియమానికి ఎంత బలం ఉందో 2008 ఫిబ్రవరి 24న లోకం చూసింది. పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి యూట్యూబ్ అడ్రస్‌లలో ఒక /24 ముక్కను తనదిగా ప్రకటించింది. ఆ ప్రకటన దేశం దాటి బయటికి పాకింది. యూట్యూబ్ ప్రకటించింది /22. కాబట్టి ప్రపంచంలోని రౌటర్లు నియమం ప్రకారం /24నే నమ్మాయి. దాదాపు రెండు గంటలు యూట్యూబ్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్లు చాలాచోట్ల దారి తప్పాయి. యూట్యూబ్ వాళ్లు ముందు /24, తర్వాత ఇంకా పొడుగైన /25లు ప్రకటించి తమ అడ్రస్‌లను వెనక్కి లాక్కున్నారు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. రౌటర్ పని కూడా చేసే పెద్ద స్విచ్‌లు ఉంటాయి. అలాంటి స్విచ్‌లో కమాండ్ కొట్టి రౌటింగ్ టేబుల్ చూస్తారు. దారి కనబడుతుంది. "టేబుల్‌లో ఉంది కాబట్టి ప్యాకెట్ పోతుంది" అనుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. మీరు చూసింది ప్రాసెసర్ దగ్గరి పుస్తకం. ప్యాకెట్లు ఆ పుస్తకం చూడవు.

లెక్క వేయండి. ఒక గిగాబిట్ పోర్టులో అతి చిన్న ఫ్రేములు వస్తే సెకనుకు దాదాపు 14.88 లక్షలు. 48 పోర్టులంటే సుమారు 7 కోట్ల 14 లక్షలు. స్విచ్‌లో ఉండే చిన్న ప్రాసెసర్ ఒక్కో ప్యాకెట్‌కీ పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? అందుకని ప్రాసెసర్ ముందుగా ఆలోచించి పెడుతుంది. నేరుగా తగిలి ఉన్న నెట్‌వర్క్‌లు, మనిషి చేత్తో రాసిన దారులు, రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ లాంటి పద్ధతులు తెచ్చిన దారులు అన్నీ పోగేసి, ఒకే చోటికి రెండు మూడు దారులుంటే నమ్మకమైనదాన్ని ఎంచుకుంటుంది. సిస్కో అనే కంపెనీ పరికరాల్లో నేరుగా తగిలిన దారికి 0, చేత్తో రాసినదానికి 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110. చిన్న అంకెకే నమ్మకం ఎక్కువ. అలా ఎంచినవి రౌటింగ్ టేబుల్. దాన్ని కుదించి, ప్యాకెట్లను పంపే చిప్‌లోకి దింపిన నకలు ఫార్వర్డింగ్ టేబుల్. చాలా స్విచ్‌లలో అది టీక్యామ్ అనే ప్రత్యేక మెమరీలో ఉంటుంది. అది వరుసలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి పోల్చి చూస్తుంది. వేగం అక్కడి నుంచే వస్తుంది. ఖరీదూ ఎక్కువే, చోటూ తక్కువే.

ఆ చోటు నిండితే? 2014 ఆగస్టు 12న అదే జరిగింది. ఇంటర్నెట్ మొత్తం దారుల సంఖ్య అప్పటికే 5 లక్షలు దాటి ఉంది. ఆ రోజు ఒక పెద్ద అమెరికన్ కంపెనీ నుంచి ఒక్కసారిగా సుమారు 15 వేల కొత్త దారులు బయటపడ్డాయి. కొన్ని పాత పరికరాల్లో ఐపీవీ4 (పైన చూసిన 10.20.30.7 లాంటి అడ్రస్‌ల) దారులకు ఫ్యాక్టరీ నుంచే కేటాయించిన చోటు 5,24,288 వరుసలు. అది దాటింది. ప్రాసెసర్ దగ్గరి పుస్తకంలో అన్ని దారులకీ చోటుంది, చిప్‌లో లేదు. చిప్‌లో చోటు దొరకని దారుల ప్యాకెట్లు నెమ్మదైన ప్రాసెసర్ మీద పడ్డాయి, లేదా రాలిపోయాయి. చాలా దేశాల్లో సైట్లు కుంటుపడ్డాయి. అలాంటి రోజున కమాండ్ కొట్టి చూసినవాళ్లకు రౌటింగ్ టేబుల్ చక్కగానే కనబడి ఉంటుంది. అందుకే దారి ఉందా అని ఒకసారి, అదే దారి చిప్‌లోకి దిగిందా అని రెండోసారి చూడాలి. రెండో దానికి వేరే కమాండ్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది.

మీ దగ్గర స్విచ్ లేకపోయినా పర్వాలేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "రూట్ ప్రింట్" అని ఇంగ్లీషులో కొట్టండి. 0.0.0.0 ఉన్న వరుస వెతకండి, అందులో గేట్‌వే గడిలో ఉన్నదే మీ వైఫై డబ్బా. తర్వాత ఇంటి వైఫై నుంచి విడదీసి, ఫోన్ హాట్‌స్పాట్‌కి తగిలించి మళ్లీ కొట్టండి. ఏ వరుసలు మారాయో, ఏవి మారలేదో కాగితం మీద రాసి పంపండి. 127తో మొదలయ్యేవి ఎందుకు కదలలేదో కూడా మీరే ఆలోచించి రాయాలి, నెట్‌లో చూసి కాదు.

మీ
పెదనాన్న