డైనమోకు తోడు

నల్లగొండ జిల్లా హాలియా దగ్గరి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న నన్ను వారం రోజులుగా వదలడం లేదు. తండ్రి కాలం నాటి మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరు ఏళ్ల తరబడి కొట్టంలో ఊరికే పడి ఉంటే, ఈ వానాకాలానికి ముందు ఆయన దాన్ని బయటికి తీసి ఇంజను బాగు చేయించారు. బ్యాటరీ కొత్తది, ఫ్యాన్ బెల్టు కొత్తది, ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీకి కరెంటు ఇచ్చే డైనమోను విప్పి చూస్తే వైండింగు ఎక్కడా కాలలేదు. అయినా ఇంజను వేగం ఎంత పెంచినా, చార్జింగ్ లేదని చూపే ఎర్ర బల్బు ఆరడం లేదు, చార్జింగ్ ఎక్కడం లేదు. అన్నీ బాగున్నప్పుడు కరెంటు ఎందుకు పుట్టడం లేదన్నది ఆయన సందేహం.

బెల్టు బిగువు, తీగల తుప్పు వంటివి ఏ మెకానిక్ అయినా చూస్తాడు కాబట్టి వాటి జోలికి పోను. అసలు చిక్కు మనం బడిలో నేర్చుకున్న బొమ్మలోనే ఉంది. అందులో రెండు శాశ్వత అయస్కాంత ధ్రువాల మధ్య తీగచుట్ట తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. సైకిల్ డైనమోలోనూ శాశ్వత అయస్కాంతమే ఉంటుంది. ట్రాక్టరు డైనమోలో మాత్రం అటువంటి అయస్కాంతం ఉండదు; ఉండేవి ఇనుప దిమ్మెలు, వాటి చుట్టూ ఫీల్డ్ కాయిల్ అనే రాగితీగ చుట్లు. ఆ చుట్లలో కరెంటు పారితేనే దిమ్మెలు బలమైన అయస్కాంతాలవుతాయి, ఆ కరెంటు ఇవ్వవలసింది మళ్లీ ఆ డైనమోయే. ఈ ముడిని విప్పి చెప్పకుండా పాఠం ముగించడం వల్లనే ఇంజనీరింగ్ చదివిన వారు కూడా పాత డైనమో ముందు తడబడటం నేను చూశాను.

ముడి విప్పడానికి మన వంటింట్లోకి వెళ్తే చాలు. పెరుగు కావాలంటే ముందు చెంచాడు పెరుగు ఉండాలి, దాన్నే తోడు అంటాం. డైనమోలో ఆ తోడు ఇనుములోనే ఉంటుంది. ఒకసారి అయస్కాంతమైన ఇనుము కరెంటు ఆగిన తరువాత కూడా ఆ గుణాన్ని కొద్దిగా నిలుపుకుంటుంది. దీన్నే అవశేష అయస్కాంతత్వం అంటారు. ఈ కొద్దిపాటి గుణంతోనే యంత్రం తనను తాను మేల్కొల్పుకోగలదన్న సంగతిని వివరించే జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ పత్రం 1867 జనవరిలో బెర్లిన్ అకాడమీ ముందుకు వచ్చింది. మరుసటి నెలలోనే లండన్ రాయల్ సొసైటీలో బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ అదే సూత్రాన్ని ప్రకటించాడు.

తోడుకోవడం ఎలా సాగుతుందో అంకెల్లో చూద్దాం. ఈ రకం డైనమోలో ఫీల్డ్ కాయిల్ నిరోధం దాదాపు 6 ఓములు. అవశేష అయస్కాంతత్వం వల్ల 1 వోల్టు పుట్టిందనీ, కాయిల్‌లో పారే ప్రతి ఆంపియరూ ఆ వేగంలో మరో 9 వోల్టులు కలుపుతుందనీ అనుకుందాం. 1 వోల్టు కాయిల్‌లో ఆరో వంతు ఆంపియరు పారిస్తుంది, అది మరో 1.5 వోల్టులు చేర్చి మొత్తాన్ని 2.5 చేస్తుంది, ఆ 2.5 మళ్లీ 4.75 అవుతుంది, అది 8 దాటుతుంది, ఇలా ఇనుము ఇక అయస్కాంతత్వాన్ని తీసుకోలేని సంతృప్త స్థితి వరకు పెరుగుతూ పోతుంది. ఇప్పుడు కమ్యూటేటర్ మీద, అంటే తిరిగే చుట్ట చివర ఉండే రాగి పలకల మీద, వాటికి ఆనుకొని కరెంటును అందుకునే కార్బన్ బ్రష్‌ల కింద మసి పేరుకొని, ఆ దారి నిరోధం 18 ఓములైందనుకోండి. 1 వోల్టు 1.5 అవుతుంది, తరువాత 1.75, ఆపైన 1.87, చివరికి 2 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. తోడు ఉంది, పాలూ ఉన్నాయి, కానీ చలికి పెరుగు తోడుకోలేదు. ఏ భాగమూ చెడిపోకుండానే యంత్రం పనిచేయకపోవడానికి ఇంతకంటే అందమైన కారణం నాకు తెలియదు.

తోడే లేకపోవడం రెండో కారణం. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నా, మరమ్మతులో సుత్తి దెబ్బలు తగిలినా, బాగా వేడెక్కినా ఇనుములోని ఆ కాస్త గుణం క్షీణిస్తుంది. కాలిన వాసన ఉండదు, తెగిన తీగ ఉండదు, కంటికి ఏ లోపమూ ఆనదు. అందుకే మా వైపు ఇటువంటి బండికి దిష్టి తగిలిందని నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కడతారు. ఆ నమ్మకం వెనుక ఉన్న ఆందోళన నాకు అర్థమవుతుంది, కానీ ఈ లోపాన్ని వోల్ట్‌మీటరు నిమిషంలో పట్టిస్తుంది.

డైనమో మీది డి (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ కాయిల్‌ది) టెర్మినళ్ల నుంచి తీగలు తీసేసి, ఆ రెంటినీ చిన్న తీగతో కలిపి, అక్కడికీ బాడీకీ మధ్య మీటరు పెట్టి, ఇంజనును నిదానంగా నడపాలి. వోల్టులు చకచకా పైకెక్కితే డైనమో మంచిదే, లోపం కటౌట్ పెట్టెలోనో (డైనమోను బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్చు ఉండేది) తీగల్లోనో ఉంది. అర నుంచి ఒక వోల్టు దగ్గర ఆగితే తోడు ఉంది, ఫీల్డ్ దారి తెగింది. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే తిరిగే తీగచుట్టను, అంటే ఆర్మేచర్‌ను, అనుమానించాలి. సున్నా చూపితే బ్రష్‌లు కమ్యూటేటర్‌కు ఆనడం లేదు, లేదా తోడు పోయింది. కమ్యూటేటర్‌ను మెత్తని శాండ్‌పేపరుతోనే రుద్దాలి. ఎమరీ కాగితంలోని రేణువులు విద్యుత్తును పోనిస్తాయి కనుక అది వాడకూడదు.

తోడు వేయడం క్షణం పని. ఇంజను ఆపి, ఎఫ్ టెర్మినల్‌కు కటౌట్ పెట్టె నుంచి వచ్చే తీగను విడదీసి, బ్యాటరీలో బాడీకి కలపని టెర్మినల్ నుంచి తెచ్చిన తీగను ఆ ఎఫ్ టెర్మినల్‌కు ఒకటి రెండు సెకన్లు తాకించి తీయాలి. తీసేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు కాబట్టి ఆ తాకించడం డైనమో దగ్గరే జరగాలి.

ఇక్కడ పెరుగు పోలిక సరిపోని చోటు ఒకటుంది. పెరుగుకు ధ్రువాలు లేవు, డైనమోకు ఉన్నాయి. బ్రిటన్‌లో తయారైన అనేక పాత ట్రాక్టర్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. తరువాత ఎవరైనా నెగటివ్‌ను బాడీకి మార్చి, డైనమోకు కొత్తగా తోడు వేయకపోతే అది పాత దిశలోనే వోల్టేజీ పెంచుతుంది. కటౌట్‌లోని కాయిల్ ఏ దిశ కరెంటుకైనా ఇనుప పలకను లాగుతుంది కనుక దాని కాంటాక్టులు కలుస్తాయి. అప్పుడు డైనమో, బ్యాటరీ ఒకే దిశలో కలిసి విపరీతమైన కరెంటు పారించి ఆ కాంటాక్టులను అతుక్కుపోయేలా చేస్తాయి.

ట్రాక్టరుకు ఎవరైనా డైనమో బదులు ఆల్టర్నేటర్ బిగించి ఉంటే మాత్రం ఈ తాకించే పని చేయకూడదు, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే లోపలి డయోడ్లు కాలిపోవచ్చు. అనేక ఆల్టర్నేటర్లలో మొదటి కరెంటు డాష్‌బోర్డు మీది ఎర్ర బల్బు గుండానే వెళ్తుంది. అక్కడ చార్జింగ్ ఎక్కకపోతే ముందుగా ఆ బల్బు వెలుగుతున్నదో లేదో చూడాలి.