నడుం నొప్పి రాత్రి కూడా తగ్గకపోతే

కోనసీమలో నడుం నొప్పి లేని ఇల్లు అరుదు. ఊడ్పుల్లో రోజంతా వంగి నాట్లు వేసే ఆడవాళ్లకు, కొబ్బరి దింపు కార్మికులకు, రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు మోసేవాళ్లకు అది పనితో పాటు వచ్చేదే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు బిళ్లలు, మళ్లీ పనిలోకి. చాలామందికి దాంతో సరిపోతుంది. హెచ్‌ఐవీ ఉన్న మనిషి విషయంలో మాత్రం పని నొప్పేలే అని వదిలేయకూడదు, అది వెన్ను టీబీ కావచ్చు.

టీబీ క్రిమి మన దేశంలో ఎంతోమంది ఒంట్లో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. దాన్ని అణిచి ఉంచడంలో ముఖ్యమైనవి సీడీ4 కణాలు, అంటే రోగనిరోధక శక్తిని నడిపించే ఒక రకం తెల్ల రక్తకణాలు. హెచ్‌ఐవీ దెబ్బ తీసేది సరిగ్గా వాటినే. అవి తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతుంది, అయితే కౌంట్ బాగానే ఉన్నా టీబీ రావచ్చు. క్రిమి రక్తంలో కలిసి ఎముకలకు చేరుతుంది. ఎముకల, కీళ్ల టీబీలో దాదాపు సగం వెన్నులోనే కనిపిస్తుంది. 1779లో పెర్సివాల్ పాట్ అనే ఇంగ్లండ్ సర్జన్ వర్ణించిన జబ్బు ఇదే.

క్రిమి ఎక్కువగా వెన్నుపూస ముందు భాగాన్ని తింటుంది. పక్క పూసకు పాకుతుంది, మధ్యనున్న డిస్క్ కూడా పాడవుతుంది. పూసలు ముందుకు కుంగి గూని వస్తుంది. వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు పట్టు తప్పుతాయి. చీము పట్టినా పైకి వేడి, ఎరుపు ఉండవు. అది కండరం వెంట కిందికి జారి గజ్జల్లో గడ్డగా తేలితే హెర్నియా ఏమో అనుకునేవాళ్లున్నారు. చాలామందికి దగ్గు కూడా ఉండదు.

నేల మీద పడ్డ రూపాయి బిళ్లను తీయమనండి. వెన్ను టీబీ ఉన్న మనిషి చాలాసార్లు నడుం వంచడు. వీపు నిటారుగానే ఉంచి, గొంతుక్కూర్చుని చేయి చాపుతాడు. పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం పూట సన్న జ్వరం, తగ్గుతున్న బరువు తోడైతే ఇక ఆగకూడదు. తొలినాళ్లలో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. సూదితో ముక్క తీసి పరీక్షిస్తే క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగుతుందో లేదో తేలుతుంది.

మోకాలు ఒక్కసారిగా వాచి, కాలిపోతూ, కదపనివ్వకపోతే అది వేరే సంగతి. తరచుగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా పని అది. కొద్ది రోజుల్లోనే కీలులోని మృదులాస్థిని తినేస్తుంది కాబట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

వెన్ను టీబీ మందులతో నయమవుతుంది. సాధారణంగా ఏడాది పాటు, కొందరికి ఏడాదిన్నర దాకా వాడాలి. రిఫాంపిసిన్ వల్ల హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ ఒంట్లో తగ్గిపోతుంది, అందుకే ఆ 50 మిల్లీగ్రాముల బిళ్లను రోజుకు రెండుసార్లు ఇస్తారు. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందుల చికిత్స, కొత్తగా మొదలైన వారాల్లో, తేరుకున్న రోగనిరోధక శక్తి క్రిమి మీద విరుచుకుపడటంతో నొప్పి, వాపు పెరగొచ్చు. మందు పడలేదని టెన్షన్ పడి సొంతంగా ఆపేయకండి, డాక్టరుకు చూపించండి.

ఎవరైనా చూస్తారేమోనని సొంత ఊరికి దూరంగా ఉన్న ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఎముకల డాక్టరు దగ్గర కూడా ఆ సంగతి దాస్తే ఆయన దాన్ని పని నొప్పిగానే చూసే ప్రమాదం ఉంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం డాక్టరు ఆ వివరం బయటపెట్టకూడదు, దాన్ని సాకుగా చూపి వైద్యం నిరాకరించకూడదు. ఏఆర్‌టీ పుస్తకం సంచిలో దాచకండి, ముందే ఆయన బల్ల మీద పెట్టండి. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు, కాల్‌కు డబ్బులు పడవు.